వన్ టౌన్ జెండాల షాపు: గుడ్డ ఓకే, టైము నమ్మకండి, బ్యాడ్జీ మీద ఏం వేయాలో మాత్రం ఆయన్నే అడగండి

విజయవాడ వన్ టౌన్‌లో జెండాలు, కండువాలు, టోపీలు, బ్యాడ్జీలు చేసిచ్చే షాపులు కొన్ని ఉన్నాయి కదా, అందులో ఒకదాని గురించి రాస్తున్నా. బోర్డు మీద పేరు ఎండకి ఎప్పుడో వెలిసిపోయింది, చుట్టుపక్కల ఎవర్నడిగినా జెండాల షాపు అనే చూపిస్తారు, కాబట్టి ఇక్కడ కూడా అదే పేరు. తొందరలో ఉన్నవాళ్ళ కోసం ముందే చెప్పేస్తున్నా, గుడ్డకీ ప్రింటుకీ ఐదుకి నాలుగు, టైముకి రెండు (అదీ మొహమాటానికి), షాపు ఓనరు గారి బుర్రకి మాత్రం ఐదుకి ఆరు. ఎందుకో కింద ఉంది, కొంచెం పెద్దదే, ఓపికుంటే చదవండి.

మేం ఏ పార్టీ వాళ్ళమూ కాదు. రైవస్ కాలువ దగ్గర నాలుగైదు అపార్టుమెంట్ల వాళ్ళం కలిసి ఆదివారం పొద్దున్నే గట్టు మీద ప్లాస్టిక్ ఏరడం, చెత్త కవర్లు కాలువలోకి విసిరేవాళ్ళని బతిమాలి ఆపడం, స్కూలు పిల్లల్ని తీసుకొచ్చి చూపించడం, ఇంతే మా పని. రిటైరైన మాస్టార్లు, ఇంటర్ పిల్లలు, నాలాంటి ఆఫీసు వాళ్ళు, మొత్తమ్మీద సగం పైన ఆడవాళ్ళమే. బానే నడుస్తోంది గానీ గట్టు మీద నిలబడి "అన్నా, అక్కడ వెయ్యొద్దు" అంటే "చెప్పడానికి నువ్వెవరు" అంటున్నారు. అడిగేది న్యాయమే కదా, మేం ఎవరం అసలు? మెడలో ఒక కండువా, పైన ఒక బ్యాడ్జీ ఉంటే కాస్త ఆగి వింటారని అందరం అనుకున్నాం, షాపు కోసం తిరిగితే ఇది దొరికింది.

ఇరుకు షాపు. కింద కౌంటరు, మెట్లెక్కితే పైన కుట్టు మిషన్లు, వెనకాల గదిలో స్క్రీన్ ప్రింటింగ్ బల్ల, ఆ ఇంకు వాసన కౌంటర్ దాకా వస్తుంది. ఒక గోడంతా అన్ని పార్టీల కండువాలూ పక్కపక్కనే, పసుపు, ఎరుపు, కాషాయం, నీలం తెలుపు ఆకుపచ్చ కలిసినవి, మూడు రంగులవి, బయట ఒకదాని మొహం ఒకటి చూడని రంగులన్నీ ఇక్కడ ఒకే దండెం మీద ఉన్నాయి. ఓనరు బాబాయ్ గారికి అరవై దాటి ఉంటాయి, కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని గుడ్డ వేళ్ళతో నలుపుతూ మాట్లాడతారు.

"బ్యాడ్జీ మీద ఏమని వెయ్యాలమ్మా?" అన్నారు. అదేం పెద్ద విషయం, "వలంటీర్ అని వెయ్యండి బాబాయ్ గారూ" అన్నాను. ఆయన పెన్ను కింద పెట్టేసి "వేస్తాను, మరి గట్టు మీద పింఛన్లు కూడా మీరే పంచుతారా?" అన్నారు.

నవ్వొచ్చింది గానీ ఆలోచిస్తే ఆయన చెప్పింది నిజం. మన రాష్ట్రంలో 2019 ఆగస్టు 15 తర్వాత వలంటీర్ అనే మాట మామూలు మాట కాకుండా పోయింది, 50 ఇళ్ళకి ఒకరు, నెలకి 5 వేలు గౌరవ వేతనం, ఒకటో తారీఖు పొద్దున్నే తలుపు కొట్టి పింఛను చేతిలో పెట్టడం. 2024 ఎన్నికల ముందు వాళ్ళని పింఛన్ల పని నుంచి పక్కన పెట్టేశారు, ఇప్పుడు సచివాలయం స్టాఫే వచ్చి ఇస్తున్నారు, అయినా మా ఏరియాలో పెద్దవాళ్ళకి వలంటీర్ అంటే ఇప్పటికీ అదే గుర్తొస్తుంది. ఆ బ్యాడ్జీ పెట్టుకుని నిలబడితే చీపురు పట్టుకునే లోపే రేషన్ కార్డు గురించి అడుగుతారు, కొందరు ఆ పేరు వింటేనే మొహం తిప్పుకుంటారు, ఇంకొందరు మళ్ళీ ఎప్పుడు పెడతారు అని మా మీద ఆశలు పెట్టుకుంటారు. ఏదీ మాకొద్దు.

అదే మాట 1923లో కాకినాడ కాంగ్రెస్ సభలప్పుడు ఎంత దర్జాగా ఉండేదో చూడండి. దుర్గాబాయి (తర్వాత దుర్గాబాయి దేశ్‌ముఖ్) గారికి అప్పటికి 14 ఏళ్ళు, ఖద్దరు ఎగ్జిబిషన్ గేటు దగ్గర వలంటీర్‌గా నిలబడి టికెట్ లేదని నెహ్రూ గారినే ఆపేశారు, టికెట్ కొన్నాకే లోపలికి పంపారు. నిర్వాహకులు కోప్పడ్డారు గానీ నెహ్రూ గారు మాత్రం మెచ్చుకున్నారు. ఇప్పుడు మా ఇంటర్ పిల్లల్లో ఒకళ్ళు వలంటీర్ బ్యాడ్జీతో ఎవరినైనా ఆపితే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

సరే, కార్యకర్త అని వేద్దామా అన్నాను. "వేస్తాను. ఏ పార్టీ అని అడుగుతారు, మీరు ఏ పార్టీ కాదు అంటారు, వాళ్ళు నమ్మరు." అంతే, తేల్చేశారు. కానీ ఆ మాట అంటే ఆయనకి గౌరవమే. ఆర్డర్లలో ఎక్కువ వచ్చేది అదే కాబట్టి కూడా అయ్యుండొచ్చు. ఆయన చెప్పిన లెక్క నాకు బాగా నచ్చింది, "నాయకుడు కండువా కప్పించుకుంటాడమ్మా, కార్యకర్త కొనుక్కుంటాడు" అన్నారు. కండువా కప్పుకోవడం అంటేనే మన దగ్గర పార్టీలో చేరడం కదా, పేపర్లో ఫలానా వారి సమక్షంలో కండువా కప్పుకున్నారు అని ఫోటోతో సహా వస్తుంది, ఆ ఫోటోలో మెరిసేది శాటిన్ కండువా, ఫోటో అయిపోయాక కారులో వెనక సీటు మీద పడి ఉంటుంది. కార్యకర్త మాత్రం షాపుకొచ్చి రేటు అడిగి, పక్క షాపులో కూడా అడిగి, మళ్ళీ ఇక్కడికే వచ్చి జేబులోంచి తీసి ఇచ్చి కొనుక్కుంటాడంట, అదే కండువా మళ్ళీ ఎలక్షన్ దాకా వాడతాడంట, పదవులు పంచే రోజున మాత్రం నిన్నగాక మొన్న కండువా కప్పుకున్నాయన ముందు వరసలో ఉంటాడు. "జెండా మోసినోళ్ళకి గుర్తింపు లేదు" అనే మాట ఏ పార్టీ ఆఫీసు దగ్గరైనా వినపడేదే, ఆయన కౌంటర్ ముందు కూడా రోజూ వినపడుతుందంట.

ఇక్కడి నుంచి సంగతి మలుపు తిరిగింది. కౌంటర్ కింద నుంచి ఒక పాత ఆల్బమ్ తీశారు, పెళ్ళి ఫోటోల ఆల్బమ్ లాంటిది, అందులో ఇన్నేళ్ళు చేసిన బ్యాడ్జీలు, రిబ్బన్లు, కండువా ముక్కలు అంటించి ఉన్నాయి. ఈ షాపుకి వెళ్తే కొన్నా కొనకపోయినా ఆ ఆల్బమ్ అడిగి చూడండి, రివ్యూ మొత్తంలో నేను గట్టిగా చెప్పేది ఇదొక్కటే.

ఎర్ర రిబ్బన్ల మీద కామ్రేడ్ అని ఉంటుంది, బెజవాడ కదా, ఒకప్పుడు కమ్యూనిస్టులకి కంచుకోట, రెండు పార్టీల పేపర్లూ ఇక్కడి నుంచే వచ్చాయి. పసుపు మీద తెలుగు తమ్ముళ్ళు, 1982లో ఎన్టీఆర్ పార్టీ పెట్టిన తర్వాత పుట్టిన పిలుపు, ఆడవాళ్ళు ఎక్కువ వస్తే తమ్ముళ్ళు కుదరదు కాబట్టి తెలుగు మహిళ అని వేరే రిబ్బను. ఎర్ర తువ్వాలు మీద జనసైనికుడు, దానికి జోడీగా వీరమహిళ. 2013 నాటి సమైక్యవాది ఉంది. ఆకుపచ్చ కండువాల పేజీ ఒకటి, 2019 డిసెంబర్ 17న మొదలైన అమరావతి రైతుల ఉద్యమం నాటివి, వాటి మీద మనుషులకి ఏ పేరూ లేదు, ఊరి పేరొక్కటే. అది చూసి మా మాస్టారు ఒకాయన కాసేపు మాట్లాడలేదు, వాళ్ళ చుట్టాలు అటు వైపే.

ఆ పేజీలు తిప్పుతుంటే అర్థమైంది, మన తెలుగులో ఇలాంటి మనుషులకి బోలెడన్ని మాటలున్నాయి గానీ అవి రెండు రకాలు, ఒకటి తన గుండె మీద తనే పెట్టుకునేది, రెండోది ఎదుటివాడు తగిలించేది. అనుచరుడు, మద్దతుదారు, సానుభూతిపరుడు, వర్గీయుడు, ఇవి రోజూ పేపర్లో చదువుతాం, కానీ ఇన్నేళ్ళ సర్వీసులో ఒక్కడు కూడా వచ్చి నాకు అనుచరుడు అని బ్యాడ్జీ చేసివ్వండి అని అడగలేదంటారాయన. అడుగుతాడా మరి! సానుభూతిపరుడు అయితే ఒకప్పుడు నక్సలైట్ల వార్తల్లో పోలీసులు వాడే మాట, ఆ పేరు పడితే ఇంట్లో వాళ్ళకి నిద్ర ఉండేది కాదు, ఇప్పుడేమో ఊళ్ళో ఓటేసే ప్రతివాడూ ఏదో ఒక పార్టీ సానుభూతిపరుడే. భజన బ్యాచ్, పెయిడ్ బ్యాచ్ లాంటివి సరేసరి, అవి ఎప్పుడూ అవతలి వాళ్ళే. మనవాళ్ళయితే అభిమానులు, పక్కవాళ్ళయితే భజనపరులు, చేసే పని మాత్రం ఒకటే, ఫ్లెక్సీ కట్టడం, పాలు పొయ్యడం, కామెంట్లలో తెల్లవార్లూ కొట్టుకోవడం.

అభిమాని గురించి ఎక్కువ రాయను, గాంధీనగర్‌లో సినిమా డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసులున్న ఊళ్ళో పుట్టినవాళ్ళకి వేరే చెప్పాలా. ఒకే ఒక్క విషయం, ఆయన లెక్కలో అభిమాని పేరు ఎప్పుడూ ఒంటరిగా రాదు, వీర తగలాలి, ఇంకొకడు కరుడుగట్టిన అంటాడు, మూడోవాడు డై హార్డ్ అంటాడు, బ్యాడ్జీ సైజు సరిపోదని చెప్తే సైజు పెంచమంటాడు గానీ మాట తగ్గించడు.

సైనికులు అని వేద్దామన్నాడు మా గ్రూపులో ఒక కుర్రాడు, కాలువ సైనికులు. బాబాయ్ గారు గోడ మీద ఎర్ర తువ్వాలు వైపు చూపించారు, వాడికే అర్థమైపోయింది. సేన, దళం, దండు అన్నీ ఇలాగే ఎవరో ఒకరు తీసేసుకున్నారు. దండు అంటే నాకు చిన్నప్పుడు పుస్తకంలో చదివిన రామదండు గుర్తొచ్చింది, 1921లో చీరాల పేరాల ఉద్యమంలో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు తన వెంట నడిచిన వాళ్ళకి పెట్టిన పేరు. మున్సిపాలిటీ పన్నులు కట్టం అని జనం ఇళ్ళూ వాకిళ్ళూ వదిలేసి ఊరి బయట రామనగర్ అని పాకలు వేసుకుని నెలల తరబడి ఉన్నారు. అదే ఏడాది ఇక్కడ బెజవాడలో ఏఐసీసీ సమావేశాలు జరిగాయి, పింగళి వెంకయ్య గారు గాంధీ గారికి జెండా నమూనా చూపించింది కూడా అప్పుడే. రామదండు లాంటి పేరు మాకెందుకు రాదు అనిపించింది, కానీ ఇప్పుడు రాముడి పేరు పెట్టినా రంగు అంటుకుంటుంది, అప్పట్లో ఆ గొడవ లేదు.

ఉద్యమకారులు అన్నాం. బాబాయ్ గారు ఒప్పుకోలేదు, నాకూ ఒప్పే అనిపించింది. తెలంగాణలో ఆ మాటకి ఎంత బరువుందో హైదరాబాద్‌లో ఉన్నప్పుడు చూశాను, రాష్ట్రం వచ్చి ఇన్నేళ్ళయినా ఎవరు అసలు ఉద్యమకారుడు, ఎవరు తర్వాత వచ్చి చేరారు అని ఇప్పటికీ లెక్కలు తీస్తుంటారు. కేసులు, లాఠీ దెబ్బలు, చదువులు పోగొట్టుకున్నవాళ్ళు సంపాదించుకున్న పేరు అది. ఆదివారం రెండు గంటలు కవర్లు ఏరి ఇడ్లీ తినడానికి వెళ్ళే మేం అది పెట్టుకుంటే ఎబ్బెట్టుగా ఉంటుంది. ఇంకోటి, ఉద్యమం అంటే ఎదురుగా ఒకడు ఉండాలి, మాకు ఎదురుగా ఉన్నది మా పక్కింటివాళ్ళే, పొద్దున్న పాల ప్యాకెట్ కవర్ విసిరేది వాళ్ళే.

మిత్ర అంటే ప్రభుత్వం వాళ్ళది అనుకుంటారు, ఆసుపత్రుల్లో ఆరోగ్యమిత్ర ఉన్నారు కదా. సేవకులు అంటే తిరుమలలో శ్రీవారి సేవకులు గుర్తొస్తారు, పైగా సేవకుడు సేవకురాలు అని రెండు రకాలు చేయించాలి. ఇది చాలామంది ఆలోచించరు, నేనూ అంతకు ముందు ఎప్పుడూ గమనించలేదు గానీ బల్క్ ఆర్డర్‌లో ఇది పెద్ద తలనొప్పి అంట, కారుడు కారిణి, సేవకుడు సేవకురాలు అని విడివిడిగా లెక్క చెప్పాలి, చివర్లో ఆడవాళ్ళ బ్యాడ్జీలు అయిపోయి డు ఉన్నవి ఆడవాళ్ళు పెట్టుకోవాల్సి వస్తుంది. కార్యకర్త ఇంత కాలం నిలబడిందంటే అందులో ఇదీ ఒక కారణం అంటారు బాబాయ్ గారు, డు లేదు రాలు లేదు, ఒకే స్క్రీను, అందరికీ సరిపోద్ది. భాషా పండితులు ఈ కోణం ఎక్కడైనా రాశారో లేదో గానీ నాకైతే పాయింటే అనిపించింది.

ప్రకృతి ప్రేమికులు అని పేపర్ల వాళ్ళు రాస్తారు కదా, అలా కాలువ ప్రేమికులు అని మా మాస్టారు సూచించారు. ఇంటర్ పిల్లలు ఆపకుండా నవ్వారు, అది అక్కడితో ఆగిపోయింది.

దూబగుంట మాట కూడా వచ్చింది మధ్యలో, నెల్లూరు జిల్లాలో 1992లో సారా మీద తిరగబడిన ఆడవాళ్ళు. రోసమ్మ గారి పేరు అందరికీ తెలుసు, మిగతావాళ్ళకి ఏ పేరూ లేదు, దూబగుంట ఆడవాళ్ళు అంతే. చీపుర్లూ కారప్పొడీ పట్టుకుని సారా దుకాణాల మీదకి వెళ్ళారు, మరుసటి ఏడాది అక్టోబర్ 1 నుంచి ప్రభుత్వం సారా నిషేధించింది. మాలో ఒక పిన్నిగారు అంది, వాళ్ళు ఏ బ్యాడ్జీ పెట్టుకున్నారని మనకి ఇంత రచ్చ. నిజమే, కానీ వాళ్ళు వెళ్ళింది వాళ్ళ ఊళ్ళో దుకాణం మీదకి, అక్కడ అందరికీ వాళ్ళెవరో తెలుసు. మా గట్టు మీద పై వాటాలో ఉండే ఆయన పేరే మాకు తెలీదు.

చివరికి ఒకాయన కాలువ కాపు అన్నాడు. కాపు కాయడం అనే అర్థంలో, మంచి తెలుగు మాట. బాబాయ్ గారు కళ్ళజోడు కిందకి దించి "అయ్యా, మనం ఉన్నది బెజవాడలో" అన్నారు. అందరం నవ్వేశాం. ఆ బ్యాడ్జీ పెట్టుకుని గట్టు మీదకి వెళ్తే చెత్త సంగతి పక్కకి పోయి కులం చర్చ మొదలవుతుంది, ఇంకో నాలుగు కులాల వాళ్ళు మాకేది కాలువ అని వస్తారు. ఆ తర్వాత ఆయనే కాసేపు కాగితం మీద గీసి "కాపలా అని పెట్టుకోండి. కాలువ కాపలా" అన్నారు.

వినగానే కొంచెం వాచ్‌మన్ లాగా అనిపించింది నిజం చెప్పాలంటే, ఒకరిద్దరు గొణిగారు కూడా. కానీ చూడండి, డు రాలు లేదు, పార్టీ లేదు, కులం లేదు, ప్రభుత్వం లేదు, పైగా ఒక్క వత్తు కూడా లేదు. ఈ చివరిది ఆయనకి అన్నిటికంటే ముఖ్యం. 58 మిల్లీమీటర్ల గుండ్రటి బ్యాడ్జీ మీద కార్యకర్త అని వేస్తే ర్య, ర్త వత్తులు కింద పేరుకుపోయి రెండడుగుల దూరం నుంచి అలుక్కుపోయినట్టు కనపడతాయి, స్వచ్ఛంద సేవకురాలు అని వేస్తే బ్యాడ్జీ చుట్టూ తిరిగొచ్చి మళ్ళీ మొదటికి తగులుతుంది. కాలువ కాపలా మాత్రం రెండు వరసల్లో పెద్ద అక్షరాలతో సుబ్బరంగా కూర్చుంది. రోడ్డు అవతల నుంచి కూడా చదవొచ్చు, ట్రై చేశాం.

ఇక సరుకు సంగతి. కండువాలకి రెండు రకాలు చూపించారు. పాలిస్టర్ శాటిన్ మీద సబ్లిమేషన్, అంటే ముందు పేపర్ మీద డిజైన్ ప్రింట్ తీసి వేడి ప్రెస్ కింద పెడితే ఆ ఇంకు ఆవిరై గుడ్డ పోగుల్లోకి ఎక్కుతుంది, ఎన్ని రంగులైనా పెట్టుకోవచ్చు, ఉతికినా పోదు, కానీ పాలిస్టర్ మీదే పని చేస్తుంది, కాటన్ మీద కుదరదు. రెండోది కాటన్ మీద స్క్రీన్ ప్రింటింగ్, ఒక్కో రంగుకి ఒక్కో స్క్రీను కట్టాలి కాబట్టి రంగులు పెరిగే కొద్దీ ఖర్చు. మాది ఒకే రంగు అక్షరాలు, ప్లాస్టిక్ ఏరేవాళ్ళం పాలిస్టర్ కప్పుకుంటే బాగోదని కాటనే తీసుకున్నాం. చెమట పీలుస్తుంది, మే నెల ఎండలో అదే హాయి. అంచులు పీకో చేయించారు, దారాలు లేవట్లేదు. రేటు పాలిస్టర్ దానికంటే దగ్గర దగ్గర రెట్టింపు పడింది, పార్టీల వాళ్ళు ఎందుకు కాటన్ వాడరో అప్పుడు అర్థమైంది.

రంగు దగ్గర ఇంకో గంట పట్టింది. పసుపు వద్దు, ఎరుపు వద్దు, కాషాయం వద్దు, ఆకుపచ్చ అయితే రాజధాని రైతులు అనుకుంటారు, నీలం అయితే ఒకటి కాదు రెండు అర్థాలు, గులాబీ కట్టుకుంటే హైదరాబాద్ నుంచి వచ్చారా అంటారు, తెలుపు అయితే కాలువ దగ్గర పది నిమిషాల్లో మాసిపోతుంది. చివరికి వంగపువ్వు రంగు మీద తెల్ల అక్షరాలు. ఇది ఒక ఉతుకు తర్వాత కొంచెం దిగింది, ఉప్పు నీళ్ళలో నానబెట్టమని ముందే చెప్పారు, మాలో కొంతమందే నానబెట్టారు, వాళ్ళవి బాగున్నాయి.

బ్యానర్ దగ్గర గొడవైంది. 2022 జులై నుంచి 100 మైక్రాన్లలోపు పీవీసీ బ్యానర్ల మీద నిషేధం ఉంది, అయినా ఎంత మందంగా ఉంటే ఏంటి, మేం ఫ్లెక్సీ కట్టేది లేదనుకుని గుడ్డ బ్యానర్ అడిగాం. మేటర్ వాట్సాప్‌లో పంపాం. మనం ఫోన్లో టైప్ చేసేది యూనికోడు, వాళ్ళ డిజైనింగ్ అంతా అనూ ఫాంట్స్ అనే వేరే రకం తెలుగు అక్షరాల్లో, అటు నుంచి ఇటు నేరుగా అతకదు కాబట్టి డీటీపీ అబ్బాయి మళ్ళీ మొత్తం కొడతాడు. అక్కడే దెబ్బ పడింది. "కాలువని స్వచ్ఛంగా ఉంచుదాం" అన్నది "స్వచ్చంగా" అయ్యింది. ప్రూఫ్‌లోనే పట్టుకుని ఛ వత్తు పెట్టమంటే ఆ అబ్బాయి "మేడమ్, అందరూ ఇలాగే వేయించుకుంటారు" అన్నాడు చాలా నమ్మకంగా. ఊరంతా గోడల మీద చూస్తే వాడి మాటా అబద్ధం కాదు. దిద్దించాం, ఫైనల్ ప్రింట్‌లో మళ్ళీ పాత ఫైలే వేశారు. తిరిగి ఉచితంగానే చేసిచ్చారు గానీ ఆదివారం ప్రోగ్రాం ఆ బ్యానర్ లేకుండానే అయిపోయింది. ప్రూఫ్ మీద సంతకం పెట్టి, ఫోటో తీసి, ఫైల్ పేరు కూడా రాయించుకోండి, నవ్వుకున్నా పర్లేదు.

టైముకి రెండే ఎందుకిచ్చానంటే అసలు సరుకు కూడా చెప్పిన రోజుకి రాలేదు. మధ్యలో ఏదో పెద్ద సభ ఆర్డర్ వచ్చి పడింది, వేలల్లో కండువాలు, మా మూట మెట్ల కింద ఒక మూలకి వెళ్ళిపోయింది. అడిగితే రేపమ్మా అంటారు, ఆ రేపు చాలా పెద్దది. చిన్న ఆర్డర్ అయితే పెద్దవాళ్ళు రాని సీజన్ చూసుకుని వెళ్ళండి, ఎలక్షన్ టైములో అస్సలు వద్దు, అప్పుడు ఆయన పలకరు కూడా. ఆ టైములో వాళ్ళ తిప్పలు వాళ్ళవి, అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు 40 లక్షలు దాటకూడదు, పార్లమెంటుకి 95 లక్షలు, అందులో ఈ కండువాలు, టోపీలు, బ్యాడ్జీలు కూడా రేటు కట్టి కలుపుతారు, పాంప్లెట్ల మీద ప్రింటర్ పేరు, వేయించిన వాళ్ళ పేరు లేకపోతే కేసు. ఆ అలవాటులో మా చెత్త వేయొద్దు పాంప్లెట్ కింద కూడా తన ప్రెస్సు పేరు, కాపీల సంఖ్య వేసేశారు, తీయమంటే "ఉండనీ అమ్మా, మంచిదే" అన్నారు.

బ్యాడ్జీల వెనక పిన్ను తుప్పు పడుతుంది, కాలువ దగ్గర తేమకి తొందరగా. కాస్త ఎక్కువైనా మ్యాగ్నెట్‌వి తీసుకోండి, చీరలకి చిల్లులు కూడా పడవు. ఇది మా ఆడవాళ్ళందరి ఫిర్యాదు, షాపులో ముందు చెప్పరు, మనమే అడగాలి.

వాడాక ఎలా ఉంది అంటే, బ్యాడ్జీ చూసి ఒక పెద్దాయన "కాపలా అంటే జీతమెంత?" అని అడిగాడు, ఏమీ లేదంటే జాలిపడి కవర్ మళ్ళీ ఇంటికి తీసుకుపోయాడు. ఏ పార్టీ అని మాత్రం ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు. ఒక చోటా నాయకుడు మాత్రం గట్టు మీద మాతో ఫోటో దిగి, మర్నాడు ఏదో గ్రూపులో మా అనుచరులు అని పెట్టుకున్నాడు. పిన్నిగారు ఫోన్ చేసి గట్టిగానే మాట్లాడింది, తీసేశాడు.

అడ్వాన్స్ సగం అడుగుతారు, ఫోన్‌పే తీసుకుంటారు, జీఎస్టీ బిల్లు అడిగితేనే ఇస్తారు. బండి పెట్టడానికి చోటు లేదు, దూరంగా పెట్టి నడుచుకుంటూ వెళ్ళడమే. మధ్యాహ్నం రెండు తర్వాత కొంచెం ఖాళీగా ఉంటారు, ఆల్బమ్ చూపించే ఓపిక అప్పుడే. మాట దగ్గర తేలకపోతే బాబాయ్ గారు ఉన్నప్పుడే వెళ్ళండి, వాళ్ళబ్బాయి కూర్చున్నప్పుడు వెళ్తే ఏది అడిగినా వారియర్స్ అని పెట్టేద్దాం మేడమ్ అంటాడు.